ఊళ్ళో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టాలనుకుంటున్నాం, ఎలా?: నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అచ్చంపేట వైపు మీ సొంత మండలంలో, మీ నాన్నగారి సంవత్సరీకానికి ఉచిత కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టాలనుకుంటున్నారు. డాలస్‌లో ఉన్న మీరూ మీ స్నేహితులూ కలిసి మూడు లక్షలు జమ చేశారు. ఊళ్ళో స్కూలు బిల్డింగు ఇస్తామన్నారు. డాక్టర్లను ఎక్కడి నుంచి పిలిపించాలి, ఈ డబ్బుతో ఎంతమందికి ఆపరేషన్ చేయించవచ్చు అని అడిగారు.

అసలు మాట ముందే చెప్తాను. స్కూల్లో ఆపరేషన్లు వద్దు. ఆపరేషన్ల ఖర్చుకు మీ డబ్బు కూడా పెట్టకండి. ఆపరేషన్ ఉచితంగా చేసే ఆసుపత్రులు మనకు ఉన్నాయి. అక్కడిదాకా రాలేక ఇంట్లోనే చూపు పోగొట్టుకుంటున్నవాళ్ళను వెతికి పట్టుకోవడానికి, తీసుకెళ్ళి తీసుకురావడానికి, ఆ తర్వాత నెలన్నర పాటు కనిపెట్టుకుని ఉండటానికి మాత్రం డబ్బు పెద్దగా దొరకదు. మీ మూడు లక్షలు అక్కడ పెట్టండి. ఒక్క రోజులో అవగొట్టకండి, మూడేళ్ళకు సర్దండి. ఒక్క మండలం దాటి పోకండి.

నేను కంటి ఆసుపత్రి ఔట్‌రీచ్ పనిలో, అంటే ఊళ్ళకే వెళ్ళి రోగుల్ని వెతికే పనిలో, పాలమూరు పల్లెల్లో చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. దీని వెనకున్న కారణాలు వివరంగా రాస్తాను, ఇలాంటి ప్రశ్న ఇంకా చాలామందికి ఉంటుంది.

మొదట స్కూలు సంగతి. పూర్వం స్కూళ్ళలో, సత్రాల్లో టేబుళ్ళు వేసి మోతిబిందు (శుక్లాల) ఆపరేషన్లు చేసేవారు. అప్పట్లో వేరే దారి లేదు. ఇప్పుడు కంటి లోపల లెన్స్ పెడుతున్నారు. గాలి, నీళ్ళు, పనిముట్లు, కంట్లోకి ఎక్కించే ద్రావణం, ఏ ఒక్కదాంట్లో క్రిమి ఉన్నా కంట్లో చీము పడుతుంది. ఒకే రోజు ఒకే చోట చేసిన పది కళ్ళూ ఒకేసారి పోవచ్చు. అందుకే జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కూడా ఆపరేషన్లు సరైన థియేటర్ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలంటుంది. మీ స్కూలు పరీక్షల క్యాంపుకు చక్కగా పనికొస్తుంది. పొడవాటి వరండా, నీడ, తాగునీళ్ళు, కూర్చోవడానికి బెంచీలు ఉంటే చాలు. ఆపరేషన్ అవసరమని తేలినవాళ్ళను బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక డబ్బు. మధురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. డబ్బు కట్టగలవారి ఫీజుతో కట్టలేనివారికి ఉచితంగా చేసే పద్ధతిని అది నిలబెట్టి చూపింది. 1992లో వాళ్ళే ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు ఇక్కడే తయారుచేయడంతో లెన్స్ ధర బాగా దిగొచ్చింది. మన దగ్గర డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి స్థాపించారు. ఇలాంటి సంస్థలు, ఇంకా ఎన్నో ట్రస్టు ఆసుపత్రులు పేదలకు ఉచితంగా చేస్తున్నాయి. వాటికి ప్రభుత్వ గ్రాంటు కూడా ఉంది. మీ డబ్బుతో ఇంకో యాభై ఆపరేషన్లు కొన్నారనుకోండి, ఎటూ జరిగే ఆపరేషన్లకే ఖర్చు పెట్టినట్టవుతుంది.

అసలు చిక్కు ఎక్కడుందో మధురై జిల్లా పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం తేల్చి చెప్పింది. 1999లో ప్రచురితమైంది. కంటి సమస్య ఉన్న పెద్దవాళ్ళలో ఉచిత క్యాంపుకు వెళ్ళినవారు నూటికి 7 మందే. క్యాంపు దగ్గరలోనే ఉంది, ఉచితం కూడా, అయినా నూటికి 93 మంది వెళ్ళలేదు. ఈ లెక్క నేను కొత్త వాలంటీర్లకు మొదటి రోజే చెప్తాను. ఎందుకంటే క్యాంపులో జనం కిటకిటలాడుతుంటే పని బాగా జరిగిందనిపిస్తుంది. ఆ వచ్చినవాళ్ళలో చాలామంది నడిచి రాగలిగినవాళ్ళు, కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళు. రెండు కళ్ళూ పోయినవాళ్ళు ఇంటి అరుగు మీదే ఉండిపోతారు.

పాలమూరులో దీనికి ఇంకో కారణం కలుస్తుంది. కొడుకూ కోడలూ పుణెకో, ముంబైకో, హైదరాబాద్‌కో పనికి పోయి ఉంటారు. ఇంట్లో ముసలమ్మ, ఇద్దరు చిన్నపిల్లలు, నాలుగు మేకలు. ఆమెకు ఆపరేషన్ అంటే రెండు రాత్రులు ఇల్లు వదలాలి. పిల్లలకు వండేదెవరు, మేకల్ని చూసేదెవరు, ఆమెకు తోడెవరు? లింగాల్ వైపు ఒక తండాలో ఒకామెను అడిగితే, "నేనింక ఎన్నొద్దులుంట బిడ్డా, నాకెందుకు ఇప్పుడు కండ్లు" అంది. అది విరక్తి అనుకుని మా వాలంటీరు వెనక్కి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళి కూర్చుని మాట్లాడితే, మనవరాలిని రెండు రోజులు పక్కింట్లో ఉంచుకుంటే వస్తానంది. పక్కింటామెతో మాట్లాడటానికి మాకు పది నిమిషాలు పట్టింది. రెండు నెలల తర్వాత ఆమె సొంతంగా జొన్నరొట్టె చేసుకుంటోంది. మీ వాలంటీరు చేయాల్సిన అసలు పని ఆ పది నిమిషాలే.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. చాలా దేశాల సర్వేల్లో, శుక్లాల ఆపరేషన్ అవసరమైన ఆడవాళ్ళలో అది అందేవారు మగవాళ్ళకన్నా తక్కువే. ఇంట్లో మగాయనకు మసక వస్తే పొలం పని ఆగుతుంది కాబట్టి తీసుకెళ్తారు. ఆమె తడుముకుంటూ వండుతుంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. మీ లిస్టులో సగానికి పైగా ఆడవాళ్ళ పేర్లు లేకపోతే సర్వే సరిగ్గా జరగలేదని అనుమానించండి.

ఇంటింటి సర్వే ఎలా చేయాలి? ఊరి ఆశా వర్కర్, ఇద్దరు చదువుకున్న పిల్లలు చాలు. డాక్టర్ అక్కర్లేదు. ఆరు మీటర్ల తాడు తీసుకుని మూడు మీటర్ల దగ్గర ముడి వేయండి. "కనబడుతుందా అవ్వా?" అని మాత్రం అడగకండి. వెలుగూ నీడా తెలిసినా "కనబడుతది" అనే చెప్తారు. ఒక కన్ను అరచేత్తో మూయించి, ఆరు మీటర్ల దూరం నుంచి, ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ళ గుర్తున్న చార్టు చూపించి కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపమనండి. అది తెలియకపోతే ముడి దగ్గరకు వచ్చి వేళ్ళు చూపండి. బాగున్న కంటితో కూడా మూడు మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టలేకపోతే దాన్ని అంధత్వంగానే లెక్కిస్తారు; 2017 నుంచి మన దేశంలో కొలత ఇదే. తర్వాత రెండో కన్ను. టార్చి వేస్తే కంటిపాప తెల్లగానో బూడిద రంగులోనో కనబడితే రాసుకోండి. పేరు, ఇంటి గుర్తు, తోడు ఎవరు, ఫోను ఎవరిది, షుగరూ బీపీ ఉన్నాయా, ఇవి రాస్తే సర్వే అయిపోయినట్టే. ఇంట్లో మంచం మీదున్నవాళ్ళను కూడా చూడాలి. వాళ్ళే తప్పిపోతారు.

సర్వేలో మీకు కొన్ని మాటలు పదేపదే వినబడతాయి. "పొర ఇంకా ముదరలేదు" అంటారు. ముదిరేదాకా ఆగాలన్నది పాత ఆపరేషన్ల కాలం నాటి మాట. ఇప్పుడు రోజువారీ పనికి అడ్డమైతే చాలు, చేయవచ్చు. మరీ ముదిరితే లోపల ఒత్తిడి పెరిగి, కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి రావచ్చు. అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు రాకపోవచ్చు. "ఎండాకాలం వద్దు, చీము పడుతది" అంటారు. థియేటర్ సరిగ్గా ఉంటే ఏ కాలమైనా ఒకటే. "ఫలానా ఆయన చేయించుకుంటే కన్ను పోయింది" అంటే మాత్రం కొట్టిపారేయకండి. వెళ్ళి ఆయన్ను చూడండి. చాలాసార్లు లెన్స్ వెనకున్న పలుచటి పొర మసకబారి ఉంటుంది, కొద్ది నిమిషాల లేజర్‌తో సరిపోతుంది. ఆయనకు చూపు తిరిగొస్తే ఆ వాడ మొత్తం బండెక్కుతుంది. ఒప్పించడంలో మా మాటకన్నా, అదే తండాలో ఆపరేషన్ చేయించుకున్న మనిషి మాటకు బలమెక్కువ. అలాంటివారిని ఒకరిద్దరిని బండిలో వెంట పంపండి.

ఇక్కడ చాలా క్యాంపులు తప్పిపోయే మెట్టు ఒకటుంది. రోగిని అంత దూరం తీసుకెళ్ళాక బీపీ ఎక్కువుందనో, షుగర్ ఎక్కువుందనో, కన్నీటి సంచిలో చీముందనో ఆపరేషన్ చేయకుండా తిప్పి పంపుతారు. డాక్టర్లు చేసేది సరైనదే, ఆ పరిస్థితిలో చేస్తే ప్రమాదం. కానీ ఒకసారి ఖాళీగా తిరిగొచ్చిన మనిషి రెండోసారి బండెక్కడు. కాబట్టి లిస్టు తయారైన వెంటనే పీహెచ్‌సీ డాక్టర్‌తో మాట్లాడి అందరికీ బీపీ, షుగర్ చూపించండి. ఎక్కువున్నవాళ్ళకు మందులు మొదలుపెట్టించి, రెండు మూడు వారాల తర్వాతి బండిలో పంపండి. మాత్ర వేసుకుంటున్నారో లేదో ఆశా వర్కర్ చూసుకుంటుంది.

ఆపరేషన్ తర్వాత ఏమిటి? 2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటినవారి అంధత్వానికి కారణాలు చూస్తే, ఆపరేషన్ చేయని శుక్లాలది 66.2 శాతం. శుక్లాల ఆపరేషన్‌లో వచ్చిన సమస్యల వల్ల చూపు పోయినవారు 7.2 శాతం. రెండో అంకె నన్ను చాలా బాధపెడుతుంది. వీళ్ళు మన మాట నమ్మి వచ్చినవాళ్ళు. అందులో కొంత ఆపరేషన్ నాణ్యతకు సంబంధించినది, అది మన చేతుల్లో లేదు. తర్వాత చూసుకోకపోవడం వల్ల పోయేది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

చుక్కల మందు దాదాపు నెలన్నర వేయాలి, మొదట ఎక్కువసార్లు, పోనుపోను తగ్గిస్తూ. చూపు సరిగ్గా ఆనని ముసలాయన తనకు తానే వేసుకుంటే చుక్క చెంప మీద పడుతుంది, సీసా మొన కంటికి తగులుతుంది. ఎవరు వేస్తారో డిశ్చార్జి రోజే పేరుతో సహా తేల్చుకోండి. ఇంట్లో ఎవరూ లేకపోతే అంగన్‌వాడీ టీచరో, పక్కింటి పదో తరగతి పిల్లో ఒప్పుకుంటుంది. వాళ్ళకు చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, సీసా తగలకుండా వేయడం ఆసుపత్రిలోనే చేయించి చూపించాలి. మొదటి రెండు వారాల్లో నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, వచ్చిన చూపు మళ్ళీ తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తెల్లారి చూద్దామంటే కన్ను దక్కదు. దీనికోసం ఒక ఫోను నంబరు, ఏ రాత్రైనా కదిలే ఒక ఆటో ఖర్చు మీ డబ్బులోంచి పక్కన పెట్టండి. వాడే అవసరం ఎప్పుడో గానీ రాదు, వచ్చినప్పుడు ఒక మనిషి కన్ను నిలుస్తుంది.

నెల నుంచి ఆరు వారాల మధ్య మళ్ళీ చూపు పరీక్షించి అద్దాలు ఇవ్వాలి. ఈ విడతకు జనం రారు, "కనబడుతుంది కదా" అంటారు. అప్పుడు ఆసుపత్రివాళ్ళనే మీ స్కూలుకు పిలవండి. రెండో కంటి ఆపరేషన్ తేదీ కూడా ఆ రోజే రాయించేయండి.

శుక్లాల గురించే ఇంత రాశాను గానీ, మన రైతుకూలీల కళ్ళను తీసే ఇంకో జబ్బుంది. పత్తి కట్టె గీసుకుంటుంది, వరి ఆకు కోస్తుంది, నూర్పిడిలో పొట్టు పడుతుంది. కంట్లో నలుసు పడితే నాలుకతో తీయించుకుంటారు, ఆకుపసరు పోస్తారు, చంటిపిల్ల తల్లి పాలు పిండించుకుంటారు, లేదంటే మందుల షాపులో ఏదో ఒక చుక్కల మందు అడుగుతారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, మొదటి రోజు హాయిగా అనిపించి లోపల బూజు పుండు పెరిగిపోతుంది. చివరికి నల్లగుడ్డు (కార్నియా) మీద పువ్వు అనే తెల్లటి మచ్చ మిగులుతుంది. అదే జాతీయ సర్వేలో 50 ఏళ్ళలోపు వాళ్ళ అంధత్వానికి మొదటి కారణం ఈ నల్లగుడ్డు మచ్చలే. సంపాదించే వయసులో పోయే కన్ను ఇది.

దీన్ని ఆపడం కష్టమేమీ కాదు. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఊరి వాలంటీర్లతోనే ఒక పని చేయించారు, 2001లో ఆ ఫలితాలు వచ్చాయి. కంటికి గీత పడ్డవాళ్ళకు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చినవారిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఆలస్యమైన కొద్దీ పుండ్లు పెరిగాయి. మీ మండలంలో పీహెచ్‌సీ డాక్టర్ ఒప్పుకుని ఆశా వర్కర్లకు శిక్షణ ఇస్తే ఇది చేయవచ్చు. కనీసం "నలుసు పడితే కడుగు, నలపకు, పసరు పోయకు, అదే రోజు చూపించు" అని పత్తి ఏరే రోజుల్లో ప్రతి కూలీ గుంపు దగ్గరా చెప్పించండి. దీనికి ఖర్చు దాదాపు ఏమీ లేదు.

చత్వారం అద్దాల్ని చిన్నచూపు చూడకండి. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూస్తే, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే వాళ్ళ పని 21.7 శాతం ఎక్కువగా పెరిగింది. 2018లో వచ్చిన అధ్యయనం అది. మా దగ్గర అద్దాలు పెట్టాక చార్టు చదివించడంతో ఆపం. చదువురాని ఆమెకు చాటలో గుప్పెడు బియ్యం పోసి రాళ్ళు ఏరమంటాం, సూదిలో దారం ఎక్కించమంటాం. ఆమె పనికి ఆ అద్దం సరిపోయిందో లేదో వెంటనే తెలుస్తుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగులో, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన రెండో విడతలో చాలా ఇళ్ళకు అద్దాలు వచ్చాయి. సర్వేలో వాటిని తీసి చూపించమనండి. గీతలు పడ్డవి, కాడ విరిగి దారంతో కట్టినవి, పవర్ మారిపోయినవి ఉంటాయి. అవి మార్చడం మీరు చేయగల పని.

పిల్లల విషయంలో రెండే మాటలు. కంటిపాప తెల్లగా కనబడే పసిబిడ్డను, మెల్లకన్నున్న బిడ్డను ఏ క్యాంపు కోసమూ ఆపకుండా పెద్దాసుపత్రికి పంపండి. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళలోపు ఇచ్చే తొమ్మిది విడతల విటమిన్ ఎ ద్రావణం తండాల్లో, పెంటల్లో (అడవిలోని చెంచుల గూడేల్లో) సరిగ్గా అందుతోందో లేదో ఏఎన్‌ఎంను అడగండి.

పెంటలంటే గుర్తొచ్చింది. మీ మండలంలో చెంచు పెంటలుంటే వాటికి విడిగా ఏర్పాటు కావాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలికి వెళ్ళడానికి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, మన్ననూర్ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా వెళ్తే దారి సులువు. చెంచు పెద్దలకు ఊరి ఆసుపత్రి వార్డులో రాత్రి ఉండటమంటే భయం. ఒక్కరినే తీసుకెళ్ళకండి, ఒకే పెంట నుంచి నలుగురైదుగురిని కలిపి, వాళ్ళ మనిషినే తోడుగా తీసుకెళ్ళండి.

నీటికాసులు (గ్లకోమా), షుగర్ వల్ల కంటి వెనకున్న రెటీనా పొర దెబ్బతినడం, వీటికి ఒక్క రోజు క్యాంపు సరిపోదు. పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు, జీవితాంతం మందు, పరీక్షలు ఉంటాయి. అందుకే దగ్గరలో శాశ్వతంగా ఒక కేంద్రం ఉండాలంటాను. ఎల్వీ ప్రసాద్ వాళ్ళు 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో మొదటి గ్రామీణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాత దాదాపు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున విజన్ సెంటర్లు, అంటే కళ్ళు పరీక్షించే చిన్న కేంద్రాలు, పెట్టే పద్ధతి తెచ్చారు. స్థానికంగా చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి వాళ్ళతోనే నడిపిస్తారు. మూడేళ్ళ తర్వాత మీ దగ్గర ఓపికా డబ్బూ ఉంటే, రోడ్డు పక్క రెండు గదులు చూపించి ఏదైనా మంచి సంస్థను మీ మండలానికి రమ్మని అడగండి. మీ నాన్నగారి పేరు ఆ గోడ మీద ఉంటే బాగుంటుంది. ఆకుపచ్చ గుడ్డ కట్టిన ముసలివాళ్ళను వరసగా నిలబెట్టి బ్యానర్‌తో ఫోటో మాత్రం తీయకండి, వాళ్ళు చాలా నొచ్చుకుంటారు. మాకు నేరుగా చెప్పినవాళ్ళున్నారు.

డబ్బు విషయంలో నా సలహా: సగం రాకపోకలకూ, తోడు వచ్చేవాళ్ళ భోజనానికీ, వాళ్ళు పోగొట్టుకునే కూలికీ. పావు వంతు అద్దాలకు. మిగిలింది సర్వే చేసే పిల్లల భత్యానికీ, అత్యవసర బండికీ, ఫోన్లకూ.

మొదట జిల్లా అంధత్వ నివారణ సంస్థ ప్రోగ్రామ్ అధికారిని కలవండి. పరీక్షల క్యాంపుకు వాళ్ళకు తెలియజేయాలి, మీ మండలం ఏ ఆసుపత్రి పరిధిలో ఉందో కూడా వాళ్ళే చెప్తారు. ఆసుపత్రివాళ్ళను ఈ నాలుగు అడగండి: ఆపరేషన్ మర్నాడు ఎంతమందికి ఎంత చూపు వచ్చిందో రాస్తారా? ఆరు వారాల తర్వాత మళ్ళీ మా ఊరికి వస్తారా? చీము పడితే రాత్రయినా చూసే డాక్టర్ ఉంటారా, ఆ ఖర్చు ఎవరిది? లెన్స్ పవర్ ప్రతి రోగికీ కొలిచే పెడతారా? సూటిగా జవాబు చెప్పని చోటికి మీ ఊరివాళ్ళను పంపకండి.

సంవత్సరీకం రోజున అన్నదానంతో పాటు సర్వే మొదలుపెట్టండి. పరీక్షల క్యాంపు దానికి నెల తర్వాత. మొదటి ఆపరేషన్ల బండిని మాత్రం వలస పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగ వారం దాటగానే పెట్టుకోండి, కొడుకో కూతురో ఊళ్ళో ఉంటారు కాబట్టి తోడు దొరుకుతుంది. మీ మండలం పేరు, ఎన్ని తండాలున్నాయో రాస్తే సర్వేకు ఎంతమంది పిల్లలు కావాలో లెక్క వేసి చెప్తాను.